60 పిన్నుల గేమ్ క్యాసెట్ ఇంట్లో తయారీ: ప్రాజెక్టు డైరీ (కొలతలు, తప్పులు, ఖర్చులతో)

మనం చిన్నప్పుడు టీవీకి పెట్టి ఆడుకున్న గేమ్ బాక్సులు చాలావరకు నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్‌కు నకళ్ళు. మనం క్యాసెట్ అని పిలిచిన దాంట్లో టేపు ఏమీ ఉండదు, ఒక చిన్న బోర్డు, దానిమీద తారులాంటి నల్ల బొట్టు కింద చిప్పు, అడుగున 60 పిన్నులు, అంతే. అమెరికాలో 1985లో వచ్చిన పెట్టెకు 72 పిన్నులు, పైగా కంపెనీ ఒప్పుకోని క్యాసెట్లను ఆడనివ్వని తాళం చిప్పు కూడా ఉంటుంది, జపాన్ రకానికి ఆ తాళం లేదు కాబట్టి ఇంట్లో చేసుకునే పనికి ఇదే తేలిక.

నా పెట్టె 1996లో నాన్న కొన్నది. పని చేస్తోంది, క్యాసెట్లే పోయాయి. ఆట ఫైలుగా, రాసినవాళ్ళు ఎవరైనా వాడుకోవచ్చని ఉచితంగా ఇచ్చిన ఒక చిన్న కొత్త ఆట తీసుకున్నాను. రెండో క్యాసెట్ నేను సొంతంగా రాసిన తెలుగు అక్షరాలది, అది చివర్లో వస్తుంది. చిప్‌లోకి ఆట ఎక్కించడం ఒక సాయంత్రం పని, మిగతా వారాలన్నీ తిన్నది కాంటాక్టులు, వైర్లు. కాబట్టి ఇది చూసి చేసేవాళ్ళు మల్టీమీటర్‌ను చేతిలోంచి కింద పెట్టకండి.

దశ 1: చిప్పులు

మొదట హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్‌హ్యాండ్ 27సి256 ఈప్రామ్‌లు (డేటా చెరిపి మళ్ళీ రాసుకోగల చిప్పులు) ఐదు తీసుకున్నాను, ఒక్కోటి 60 రూపాయలు. షాపాయన "మధ్యల సి ఉన్నదా లేదా సూసి తీస్కో అన్నా" అన్నాడు, ఆ మాట విలువ తర్వాత తెలిసింది. సి లేని పాత 27256 చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది, ముప్పై ఏళ్ళ నాటి పెట్టెలో ఐదు వోల్టులు ఇచ్చే చిన్న రెగ్యులేటర్‌కు ఆ భారం ఎందుకు.

ఈ చిప్పుల మీద గాజు కిటికీ ఉంటుంది, అతినీలలోహిత కాంతి పడితే పాత డేటా చెరిగిపోతుంది. ఎండలో పెట్టినా చెరుగుతుందని చదివి మే నెలలో డాబా మీద నాలుగు రోజులు పెట్టాను. ఐదింట్లో ఒక్కటి కూడా పూర్తిగా ఖాళీ కాలేదు. నేరుగా ఎండ తగిలినా సుమారు వారం పట్టే పని అది, పైగా కిటికీ మీద పాత స్టిక్కర్ జిగురు మిగిలి ఉంది, అది తుడవకుండానే పెట్టాను. తర్వాత 254 నానోమీటర్ల ట్యూబు, హోల్డర్ కొని, మూత ఉన్న అట్టపెట్టెలో బిగించి, చిప్పుకు 2.5 సెంటీమీటర్ల ఎత్తులో 20 నిమిషాలు వెలిగించాను. మూడు చిప్పులు ఖాళీ అయ్యాయి, మిగతా రెండూ మూడుసార్లు పెట్టినా కాలేదు, పక్కన పడేశాను. ఆ ట్యూబు వెలుగు కళ్ళకు, చర్మానికి చాలా ప్రమాదం. పెట్టె మూయకుండా స్విచ్ వేయొద్దు, పిల్లలున్న ఇంట్లో అయితే ఈ పద్ధతే వద్దు.

అందుకే డబ్ల్యూ27సి512కి మారాను. ఇవి కరెంటుతోనే చెరుగుతాయి, ప్రోగ్రామర్‌లో (చిప్పులోకి డేటా ఎక్కించే పరికరం) పెట్టి నొక్కితే కొన్ని సెకన్లలో ఖాళీ. నాలుగు తీసుకున్నాను. ఆ ప్రోగ్రామర్ పరికరం ఒక మిత్రుడి దగ్గర అడిగి తెచ్చుకున్నది కాబట్టి లెక్కలో లేదు, కొనాల్సి వస్తే ప్రాజెక్టు మొత్తంలో పెద్ద ఖర్చు అదే అవుతుంది.

వేగం కూడా చూడండి. చిప్పు పేరు చివర ఉండే అంకె నానోసెకన్లను చెబుతుంది. ఒక 250 రకం చిప్పును బొమ్మలకు వాడి చూస్తే తెరంతా చిన్న చిన్న చుక్కలు మెరిశాయి, 150 రకం పెట్టగానే పోయాయి.

ఇప్పటికి: ఈప్రామ్‌లు 300, ట్యూబు, హోల్డర్ 450, కొత్త రకం చిప్పులు 360. మొత్తం 1,110 రూపాయలు, 4 గంటలు.

దశ 2: ఫైలును రెండు ముక్కలు చేయడం

క్యాసెట్‌లో రెండు చిప్పులు కావాలి. ఒకటి ప్రోగ్రామ్, ఒకటి బొమ్మలు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు మాత్రం ఒకటే, దాని తల మీద 16 బైట్ల చీటీ ఉంటుంది. నా ఫైలు 24,592 బైట్లు, అంటే 16 + 16,384 + 8,192.

1. మొదటి 16 బైట్లు చదివి రాసుకోండి. సున్నా నుంచి లెక్కపెడితే 4వ బైటు ప్రోగ్రామ్ ఎన్ని 16 కిలోబైట్ల ముక్కలో చెబుతుంది, 5వది బొమ్మలు ఎన్ని 8 కిలోబైట్ల ముక్కలో. 6వ బైటులో చివరి బిట్ 18వ పిన్ను ఎక్కడ కలపాలో చెబుతుంది, అది దశ 3లో కావాలి.
2. ఆ 16 బైట్లు తీసేయండి.
3. తర్వాతి 16,384 బైట్లు ప్రోగ్రామ్, మిగిలిన 8,192 బొమ్మలు.
4. చిప్పు 64 కిలోబైట్లది కాబట్టి ప్రోగ్రామ్‌ను 4 సార్లు, బొమ్మలను 8 సార్లు ఒకదాని వెనక ఒకటి అతికించి చిప్పు నిండా నింపండి.

నాలుగో మెట్టు నేను మొదట చేయలేదు. 16 కిలోబైట్లే కదా అని చిప్పు మొదట్లో ఎక్కించి ఊరుకున్నాను. కరెంటు ఇవ్వగానే ప్రాసెసర్ చూసేది ప్రోగ్రామ్ జాగాలో చివరి 6 బైట్లను, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అక్కడే రాసి ఉంటుంది. నా చిప్పులో ఆ చోట ఏమీ లేదు. ఫలితం బూడిదరంగు తెర. వైరింగ్ తప్పేమోనని రెండు రోజులు వెతికాను, వైరింగ్‌లో తప్పు లేదు.

ఇప్పటికి: 1,110 రూపాయలు, 6 గంటలు.

దశ 3: పాత బోర్డు మీద వైర్లు

మొదటి క్యాసెట్‌కు కొత్త బోర్డు చేయించలేదు. పనిచేయని పాత క్యాసెట్లు రెండు వంద చొప్పున దొరికాయి, వాటి పిన్నుల అంచు వాడుకుందామని. నల్ల బొట్టు చుట్టూ ఉన్న రాగి గీతలను కట్టర్‌తో కోసి, ప్రతి గీతా నిజంగా తెగిందో లేదో మీటర్ బీప్‌తో చూశాను, ఏడు చోట్ల తెగలేదు.

పిన్నుల లెక్క: ఒక ముఖం మీద 1 నుంచి 30, రెండో ముఖం మీద 31 నుంచి 60, 1కి వెనక 31 ఉంటుంది. 1, 16 గ్రౌండ్ (కరెంటు మైనస్ వైపు). 30, 31 ఐదు వోల్టులు, అంటే ఆ రెండూ ఎదురెదురు మూలల్లో ఉంటాయి.

కింద పిన్ అంటే క్యాసెట్ అంచుది, కాలు అంటే చిప్పుది, ఏ అంటే అడ్రస్ గీత, డీ అంటే డేటా గీత.

ప్రోగ్రామ్ చిప్పు: పిన్ 2 నుంచి 13 వరకు వరుసగా ఏ11 నుంచి ఏ0. 33, 34, 35 అంటే ఏ12, ఏ13, ఏ14. పిన్ 36 నుంచి 43 వరకు డీ7 నుంచి డీ0. 44 వెళ్ళేది చిప్పు 20వ కాలికి. చిప్పు 22వ కాలు గ్రౌండ్‌కు.

బొమ్మల చిప్పు: 19 నుంచి 25 వరకు ఏ6 నుంచి ఏ0. 50 నుంచి 55 వరకు ఏ7 నుంచి ఏ12. 26 నుంచి 29 వరకు డీ0 నుంచి డీ3. 57 నుంచి 60 వరకు డీ7 నుంచి డీ4, ఇక్కడ వరుస తిరగబడుతుంది, జాగ్రత్త. 17 వెళ్ళేది 22వ కాలికి, 56 వెళ్ళేది 20వ కాలికి. చిప్పులో మిగిలిపోయే పై అడ్రస్ కాళ్ళు (26, 27, 1) గ్రౌండ్‌కు. ప్రోగ్రామ్ చిప్పు 1వ కాలు కూడా గ్రౌండ్‌కే. గాల్లో వదలకండి. 27సి256 వాడితే మాత్రం 1వ కాలు ఐదు వోల్టులకు వెళ్ళాలి.

ఇవి కాక మూడు కలుపులు: 45ను 46తో, 48ను 49తో, 18ను 53తో గానీ 54తో గానీ. చీటీలో 6వ బైటు చివరి బిట్ 1 అయితే 53, సున్నా అయితే 54.

మొత్తం వైర్లు: ప్రోగ్రామ్‌కు 24, బొమ్మలకు 23, కలుపులు 3, కరెంటుకు 2. లెక్క 52, చిప్పుల దగ్గరే గ్రౌండ్‌కు కట్టే చిన్న ముక్కలు వేరు. 30 గేజి సన్న వైరు వాడాను. చిప్పును గుచ్చి తీసుకోగలిగే సాకెట్లు పెట్టాను, చిప్పులు నేరుగా అతికించలేదు, ఆ నిర్ణయమే తర్వాత నా చిప్పులను కాపాడింది. ప్రతి చిప్పుకు ఐదు వోల్టుల కాలికి, గ్రౌండ్‌కు మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి.

ఇప్పటికి: పాత క్యాసెట్లు 200, వైరు, సాకెట్లు, కెపాసిటర్లు 140. మొత్తం 1,450 రూపాయలు, 15 గంటలు, 52 వైర్లు.

దశ 4: మొదటిసారి కరెంటు

ఖాళీ సాకెట్లతోనే క్యాసెట్ పెట్టి స్విచ్ వేసి, సాకెట్ 28వ కాలికి (ఐదు వోల్టులది) 14వ కాలికి (గ్రౌండ్) మధ్య వోల్టేజీ కొలిచాను. రావాల్సింది 5 దగ్గర్లో ఏదో ఒక అంకె. మీటర్ చూపించింది మైనస్ 4.93.

గుండె ఆగినంత పనైంది. నేను 1వ పిన్ను అనుకున్నది నిజానికి 30, ముఖం సరిగ్గానే పట్టాను గాని ఎడమ కుడి తిరగేసి లెక్కపెట్టాను. చిప్పులు పెట్టి ఉంటే తిరగబడిన కరెంటుకు రెండూ పోయేవి. గ్రౌండ్‌కు నేను ఒక్క మూల పిన్నే వాడాను, 16 కూడా కలిపి ఉంటే అది వేరే సిగ్నల్ మీద పడేది. పిన్నులు గుర్తుపట్టే నమ్మకమైన పద్ధతి ఏంటంటే, పనిచేసే ఏ క్యాసెట్ అయినా తీసుకుని మీటర్ బీప్‌లో పెడితే ఒకే ముఖం మీద మూల పిన్ను, దాన్నుంచి లెక్కపెడితే పదహారోది రెండూ కలిసి మోగుతాయి, ఆ మూలదే 1. చాలా క్యాసెట్లలో ఇది కుదురుతుంది, ఒకదాంతో కాకపోతే ఇంకోదాంతో చూడండి. 52 వైర్లూ ఊడదీసి మళ్ళీ కట్టాను, ఆరు గంటలు పోయాయి.

రెండోసారి ప్లస్ 4.91. చిప్పులు పెట్టాను. బూడిదరంగు తెర, దాని కథ దశ 2లో చెప్పాను. ఫైలు సరిచేశాక ఆట మొదలైంది, కానీ మూడు సమస్యలు.

మొదటిది, కదిలే బొమ్మలు శుభ్రంగా ఉన్నాయి గాని వెనక దృశ్యం అంతా చెత్త గళ్ళు. 48, 49 కలిపిన టంకం చల్లారేటప్పుడు కదిలి పగిలింది, భూతద్దంలో చూస్తే సన్నటి వలయంలా బీట కనిపించింది. పెట్టెలో ఉన్న వీడియో మెమరీని మేల్కొలిపేది ఆ కలుపే. కదిలే బొమ్మలు బాగుండి వెనక దృశ్యం పాడైతే ముందు అక్కడే చూడండి.

రెండోది, శబ్దం లేదు. 45 నుంచి 46కు వైరు వేయడం మర్చిపోయాను. ఈ పెట్టెల్లో శబ్దం క్యాసెట్ లోపలికి వచ్చి మళ్ళీ బయటకు వెళ్ళాకే టీవీకి చేరుతుంది, క్యాసెట్ కూడా తన శబ్దాన్ని అందులో కలపగలిగేలా అలా పెట్టారు. చిన్న ముక్క వైరు, శబ్దం వచ్చేసింది.

మూడోది నాకు బాగా నచ్చిన తప్పు. తెర మీద ప్రతి అక్షరంలో ఎడమ సగం మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది, కుడి సగం సరిగ్గా ఉంది. బొమ్మ ఒక్కో గడి 8 చుక్కల వెడల్పు, ఎడమ చివరి చుక్క డీ7, కుడి చివరిది డీ0. ఎడమ నాలుగే తిరగబడ్డాయంటే డీ7 నుంచి డీ4 వరకే తప్పు జరిగింది, అంటే 57 నుంచి 60 వరకు ఉన్న నాలుగు వైర్లు. నేను 57ను డీ4 అనుకుని కట్టాను. మీటర్ ముట్టుకోకుండా, తెరను చూసే ఏ నాలుగు వైర్లో చెప్పగలిగిన మొదటిసారి అది.

ఇప్పటికి: 1,450 రూపాయలు, 24 గంటలు, ఒక క్యాసెట్ పనిచేస్తోంది.

దశ 5: సొంత బోర్డు, 1.6 మిల్లీమీటర్ల పొరపాటు

ఈ దశ ఎవరూ నాలా చేయొద్దని ప్రత్యేకంగా రాస్తున్నాను.

వైర్ల గూడు చూడలేక కైక్యాడ్ అనే బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్‌లో బోర్డు గీశాను. పిన్నుకు పిన్నుకు దూరం 2.54 మిల్లీమీటర్లు, కాబట్టి మొదటి పిన్ను మధ్య నుంచి ముప్పయ్యో పిన్ను మధ్యకు 73.66 రావాలి. కాగితం మీద ప్రింట్ తీసి పాత బోర్డు మీద పెడితే సరిపోలేదు, వెర్నియర్ (సన్న కొలతలు తీసే స్కేలు)తో కొలిస్తే 71.4. గీసిన దాంట్లో తప్పేమీ లేదు, ప్రింటర్ పేజీకి సరిపోయేలా కుదించింది. వంద శాతం సైజులో తీస్తే సరిపోయింది.

అన్నీ సరిచూసుకున్నానన్న ధీమాతో ఐదు బోర్డులు ఆర్డర్ పెట్టాను, మందం దగ్గర ఏ సైజు ముందే ఎంచుకుని ఉందో దాన్నే వదిలేశాను. వచ్చిన బోర్డు పెట్టెలోకి గట్టిగా దిగింది. కొత్తది కదా, బిగుతుగా ఉంటుందిలే అని నొక్కాను. ఆట వచ్చింది, సంతోషపడ్డాను, మర్నాడు వైర్ల క్యాసెట్ పెడితే తెర మినుకుమినుకుమంటోంది, నాన్న దగ్గర మిగిలిన ఒకే ఒక్క అసలు క్యాసెట్ పెడితే అదీ అంతే.

వెర్నియర్ తీశాను. పాత బోర్డులు రెండూ 1.2 మిల్లీమీటర్లు. నాది 1.6. ఆ 0.4 మిల్లీమీటర్లు పెట్టెలోని స్ప్రింగు పిన్నులను వెడల్పు చేసేశాయి, ముప్పై ఏళ్ళ రాగి మళ్ళీ దగ్గరకు రాలేదు. పాత క్యాసెట్ పెట్టి ఒక్కో పిన్నుకు రెసిస్టెన్స్ కొలిచాను. బాగున్నవి 0.3 నుంచి 0.6 ఓమ్‌లు, 11 పిన్నులు 9 ఓమ్‌ల పైన, వాటిలో మూడు అసలు తగలడమే లేదు.

బాగుచేసిన పద్ధతి:

1. పెట్టె విప్పి, అడాప్టర్ పూర్తిగా తీసేసి, కనెక్టర్‌ను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేశాను. చిన్నప్పటిలా నోటితో ఊదొద్దు, ఊపిరిలో తేమ పిన్నులను తినేస్తుంది.
2. ఆ 11 స్ప్రింగులను మాత్రం దబ్బనం కొసతో లోపలికి చాలా కొద్దిగా లాగాను. ఎక్కువ లాగితే విరిగిపోతుంది, దానికి మళ్ళీ మందు లేదు.
3. ఒక్కోటి లాగిన వెంటనే కొలిచాను. చివరికి అన్నీ 1 ఓమ్ లోపుకు వచ్చాయి.

ఇందుకు ఒక ఆదివారం మొత్తం పట్టింది, ప్రతి స్ప్రింగు దగ్గరా చేయి వణికింది, ఎందుకంటే ఇది నాన్న కొన్న పెట్టె, ఇంకోటి దొరికినా ఇది అవ్వదు.

తర్వాత 1.2 మందంతో మళ్ళీ చేయించాను, పిన్నుల అంచుకు బంగారు పూత అడిగాను. వచ్చాక అంచును 400 నంబర్ ఉప్పుకాగితంతో కొద్దిగా ఏటవాలుగా రుద్దాను, లేకపోతే పదును అంచు స్ప్రింగులను గీరుతుంది.

ఇప్పటికి: మందం తప్పిన బోర్డులు 1,150, సరైనవి 1,240, ఆల్కహాల్ 180. మొత్తం 4,020 రూపాయలు, 35 గంటలు.

దశ 6: డబ్బా, వేడి

పాత క్యాసెట్ డబ్బానే వాడాను. నా డబ్బాలో బోర్డు పైన ఖాళీ 8 మిల్లీమీటర్లు, సాకెట్, చిప్పు కలిపి 9.1. మూత పడలేదు. చిప్పుల్లో ఉన్నది సరైనదేనని రెండు రోజులు ఆడి చూసుకున్నాక సాకెట్లు తీసేసి నేరుగా అతికించాను.

పది నిమిషాలు ఆడాక ఆట ఆగిపోవడం మొదలైంది. అప్పుడు కొలిస్తే 4.62 వోల్టులు. క్యాసెట్ మీద అనుమానపడ్డాను గాని తప్పు అడాప్టర్‌ది, లోపల ఎండిపోయిన కెపాసిటర్. ఇంట్లో ఉన్న మరో 9 వోల్టుల అడాప్టర్ పెట్టాక గంట ఆడినా 4.90 దగ్గర నిలబడింది. వేరే అడాప్టర్ వాడేటప్పుడు పిన్నులో ప్లస్ మధ్యలో ఉందో బయట ఉందో ముందు మీటర్‌తో చూడండి, నా పెట్టెకు మధ్యలో మైనస్.

ఇప్పటికి: 4,020 రూపాయలు, 38 గంటలు.

దశ 7: అక్షరాల క్యాసెట్

ఇది మా అక్క కొడుకు కోసం. చిన్న ప్రోగ్రామ్, బటన్ నొక్కితే ఒక్కో అక్షరం వస్తుంది, నిమిషంలో ఎన్ని గుర్తుపట్టాడో లెక్కపెడుతుంది.

తెలుగు అక్షరం 8 చుక్కల గడిలో పట్టదు, నాలుగు గడులు కలిపి 16 బై 16 కావాలి. వెనక దృశ్యానికి ఒకేసారి దొరికేవి 256 గడులు. 56 అక్షరాలకు నాలుగేసి చొప్పున 224, పట్టేశాయి. కానీ ౠ, ఝ, ఘ గీస్తే 16 వెడల్పులో ముద్దలా అయిపోయాయి. వాటికి ఆరేసి గడులు ఇచ్చాను: 53కు 212, ఈ మూడింటికి 18, అంకెలకు 10, మొత్తం 240.

అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. ఈ పెట్టెలో రంగు ప్రతి 16 బై 16 చదరానికే మార్చగలం. మామూలు అక్షరం చదరంలో సరిగ్గా కూర్చుంటుంది, 24 వెడల్పు ఉన్న ఝ మాత్రం పక్క చదరంలోకి పోయి, ఆ సగం వేరే రంగులో వచ్చింది. ఆ మూడు అక్షరాలకు రెండు చదరాలు కేటాయించి ఒకే రంగు పెట్టాను.

నిమిషం లెక్క కూడా తప్పింది. ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే నా ఒక నిమిషం 72 సెకన్లు పట్టింది. సెకనుకు 60 ఫ్రేములని (తెర మీద గీసే బొమ్మలని) రాశాను, మన టీవీల కోసం చేసిన ఈ పెట్టె సెకనుకు 50 మాత్రమే వేస్తుంది. 60ని 50తో భాగిస్తే 1.2, దాన్ని 60 సెకన్లతో గుణిస్తే సరిగ్గా 72. ఒక అంకె మార్చి, చిప్పు చెరిపి మళ్ళీ ఎక్కించాను.

ఇప్పటికి: 4,020 రూపాయలు (రెండో క్యాసెట్‌కు మిగిలిన చిప్పులు, బోర్డు, పాత డబ్బా సరిపోయాయి), 52 గంటలు, రెండు క్యాసెట్లు.

నిన్న వాడు ఆడాడు. నిమిషంలో 19 గుర్తుపట్టాడు, థ దగ్గర మూడుసార్లు ధ అన్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే తప్పు వాడిది కాదు, థ మధ్యలో ఉండాల్సిన చుక్క నేను గీసిన దాంట్లో ఒకే ఒక్క పిక్సెల్, పాత టీవీ మీద అది కనబడటం లేదు. రెండు బై రెండు చేశాను, ఈ రాత్రి చిప్పు మళ్ళీ ఎక్కించాలి. ఈసారి దానికి సాకెట్ తీయలేదు, మూతకు ఫైలుతో 1.5 మిల్లీమీటర్లు అరగదీశాను.